నాన్న చుట్టిన టేపు

ఆ పసుపు దీపం మొదటిసారి వెలిగినప్పుడు నేను ఖిదిర్‌పూర్ వంతెన దిగుతున్నాను. స్టీరింగ్ వెనకాల, ఇంజిన్ బొమ్మ ఆకారంలో, చిటికెన వేలి గోరంత దీపం. బండి ఆగిపోలేదు, చప్పుడు మారలేదు. ఇంకొకరైతే సాయంత్రం చూసుకుందాంలే అనుకునేవారు. నేను మాత్రం అలా అనుకోలేకపోయాను. ముందురోజే ఆ ఇంజిన్‌కి మా నాన్న కొత్త పొగగొట్టాలు బిగించాడు. పని బాగా కుదిరిందన్న సంతోషంతో ఆయన ఎనిమిది నెలల తరవాత కడుపునిండా అన్నం తిన్నాడు.

నాన్న డాక్‌లో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాని వయసులో ఈ బెంగాలీ ఊరికి వచ్చి, ఓడల మరమ్మతు షెడ్డులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా వాట్‌గంజ్‌లో మా సందులో ఎవరి నీళ్ల పంపు మొరాయించినా, ఎవరి కిటికీ గ్రిల్ ఊడినా ఆయనకే కబురొచ్చేది. అలాంటి మనిషి చేతిలోంచి ఒకరోజు పొద్దున్న టీ గ్లాసు జారిపోయింది. చిన్న స్ట్రోకే అన్నారు. మాట పోలేదు, నడక పోలేదు. కుడిచేతి రెండు వేళ్లకి స్పర్శ పోయింది, మిగతా మూడూ మొద్దుబారాయి. చిన్నదనే మాట చేతులతో బతికిన మనిషి దగ్గర అనకూడదని నాకు అప్పుడే తెలిసింది.

నేను చేసేది ఫిజియోథెరపీ. భవానీపూర్‌లో ఇళ్లకి వెళ్లి అచ్చం ఇలాంటి చేతులకే కసరత్తు చేయిస్తాను. మెషీన్లు డిక్కీలో వేసుకుని తిరగాలి కాబట్టే ఆ పాత పెట్రోలు బండి. "మీరు చేసిపెట్టకండి, ఆయన్నే చేసుకోనివ్వండి, తప్పు చేస్తే తప్పని మొహం మీదే చెప్పండి" అని పేషెంట్ల ఇంట్లోవాళ్ల మీద రోజూ అరుస్తాను. నా నోరు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. నేను మెట్లు దిగాక వాళ్లు నన్ను లొంకా దీదీ అనుకుంటారని తెలుసు. లొంకా అంటే వాళ్ల భాషలో మిరపకాయ. తప్పేం లేదు, ఉన్నమాటే.

ఇంట్లో మాత్రం ఆ మిరపకాయ పనిచేయలేదు. రబ్బరు బంతి పిసకమంటే నాన్న అది కిటికీ మీద పెట్టేసేవాడు. "పిల్లలాట" అనేవాడు. నేను గట్టిగా ఒక మాట అనబోతే ఆ వాలిపోయిన చెయ్యి కనిపించి, ఆ బంతి నేనే తీసి దాచేసేదాన్ని. అలా నడుస్తుండగా బండి మానిఫోల్డు పగిలింది. ఇంజిన్‌లోంచి పొగని బయటికి మోసుకెళ్లే ఇనప గొట్టం అది. కంపెనీ సరుకు ఇప్పుడు రావడం లేదన్నారు. అది వినగానే నాన్న చొక్కా వేసుకుని, చెప్పాపెట్టకుండా మల్లిక్ బజార్ వెళ్లి, బయటి తయారీ హెడర్ ఒకటి సంచిలో వేసుకుని వచ్చాడు. నాలుగు గొట్టాలు వంపులు తిరిగి ఒకటిగా కలిసేది. కుర్రాళ్లు బండి గర్జించాలని బిగించుకునే సరుకు. దాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడుముతూ, "సూడొలే, వెల్డింగు ఎంత సక్కగున్నాదో" అన్నాడు. ఆ మొద్దు వేళ్లకి ఏం తెలిసిందో నాకు తెలియదు. మొహం మాత్రం వెలిగింది.

నాలుగు రోజులు చేశాడు. నట్టు పదిసార్లు జారితే పదకొండోసారి ఎక్కించాడు. నేను పక్కన స్టూలు వేసుకుని, సాయం చేయకుండా ఉండటానికి నా చేతులు నా కిందే పెట్టుకుని కూర్చున్నాను. పాతదానిమీదున్న ఆక్సిజన్ సెన్సార్లు రెండూ విప్పి కొత్తదానికి బిగించాడు. ఒకటి గొట్టాలు కలిసేచోట, రెండోది ఇంకాస్త కింద. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో ఇంజిన్ కంప్యూటరుకి కబురు చెప్పేవి అవి. ఆఖర్న వాటి వైర్లు కలిపాడు. ఆ పూటంతా కలిపిన చోటే కూర్చుని ఏదో చేశాడట. అప్పటికి నేను పనికి వెళ్లిపోయాను.

అందుకే ఆ దీపం చూసి నేను బండి గురించి భయపడలేదు. ఆ చెయ్యి గురించి భయపడ్డాను.

దారి పక్కన ఆపి, స్టీరింగ్ కింద గుచ్చే చిన్న స్కానరు తీసి ఫోనులో చూశాను. పి సున్నా నూట ముప్పై ఒకటి. మొదటి ఆక్సిజన్ సెన్సార్ నుంచి కరెంటు మరీ తక్కువగా వస్తోందని దాని అర్థం. కారణాలు వెతికితే మూడు తేలాయి. గొట్టాల అతుకు దగ్గర గాలి లీకవుతూ ఉండాలి, లేదా వైరు కాలి ఉండాలి, లేదా సెన్సారే చచ్చి ఉండాలి. మూడింట్లో రెండు నాన్న చేతి పనే. స్కానరులో చెరిపెయ్ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కాను. దీపం ఆరింది.

సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చెప్పులు విడవకముందే అడిగాడు.

"బండెలగున్నాదే?"

"బాగున్నాది నాన్నా."

"లాగుతున్నాదా?"

"గుర్రంలాగ."

ఆ అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది.

మూడోరోజుకి దీపం మళ్లీ వచ్చింది. చెరిపాను. మర్నాడే వచ్చింది. అక్కణ్ణుంచి నా బతుకు తేలు కుట్టిన దొంగ బతుకైంది. నాన్న ఆసుపత్రి చెకప్‌కని అమ్మతో వెళ్లిన పూట, చల్లటి ఇంజిన్ స్టార్టు చేసి, సబ్బు నీళ్లు ప్రతి అతుకు మీదా చల్లాను. లీకుంటే బుడగలు రావాలి. ఒక్క బుడగ రాలేదు. వంగి వంగి చూశాను. స్పర్శ లేని వేళ్లతో ఆయన బిగించిన అతుకులు గాలి చొరబడనంత బాగున్నాయి. నాకు ఏడుపొచ్చింది. కానీ దీపం మాత్రం వస్తూనే ఉంది, వైర్లేమో నల్ల టేపు కింద ఎక్కడా కనపడకుండా ఉన్నాయి. ఆ టేపు విప్పితే ఎవరో విప్పారని ఆయనకి తెలిసిపోతుంది. ముట్టుకోలేదు.

ఈలోగా పెట్రోలు తక్కువైందన్న సెన్సార్ మాట నమ్మి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. వెనక గొట్టం మూతి కాటుక పెట్టినట్టు నల్లబడింది. మసి చూస్తే నాన్న క్షణంలో పట్టేస్తాడు. అందుకని సందు మొదట్లో బండి ఆపి, పాత న్యూస్‌పేపరుతో గొట్టం తుడిచి, దీపం చెరిపి, అప్పుడు ఇంటి ముందుకి వచ్చేదాన్ని. అక్కడ టీ అమ్మే ఆయన ఒకరోజు నన్ను జాలిగా చూశాడు. అమ్మ నా జుట్టు వాసన చూసి, "పెట్రోలు బంకులో కొలువేటి సేస్తన్నావా?" అంది. నవ్వేశాను. మంచం మీద పడుకుని లెక్కపెట్టుకునేదాన్ని, రేపు ఎన్ని ఇళ్లు, ఎంత దూరం, ఎన్నో సిగ్నలు దగ్గర దీపం వస్తుంది అని. మా సందులో అడుగు పెట్టాక వెలగకపోతే చాలు, దారిలో ఏమైనా అవనీ అనుకునేదాన్ని.

ఆఖరికి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది. పరీక్ష చేసే అతను గొట్టంలో కడ్డీ పెట్టి, తెరమీద అంకె చూసి, పెదవి విరిచి, మెకానిక్కి చూపించి రమ్మన్నాడు. ఇక తప్పలేదు. భవానీపూర్‌లో నేను వైద్యం చేసే ఒక పెద్దాయన ఇంటి వెనకాలే ఆటో ఎలక్ట్రిషియన్ ఉన్నాడు. నడివయసు బెంగాలీ, ఎప్పుడూ నములుతూ ఉండే మనిషి. బానెట్ ఎత్తి, మొదటి సెన్సార్ వైరు పట్టుకుని, టేపు చూసి నమలడం ఆపాడు.

"ఎటా కే కొరేఛే, దీదీ?" అన్నాడు. ఇది ఎవరు చేశారని.

అతను బ్లేడుతో కోశాడు. పైన నల్ల టేపు. దాని కింద నూలు టేపు, ఒక చుట్టు మీద సగం ఎక్కేలా, ముడత లేకుండా. దాని కింద గ్రీజు. కనెక్టర్ లోపల, పిన్నుల మధ్య, వైరు దూరే రంధ్రాల్లో కూడా గ్రీజే. "ఓడల్లో పనిచేసిన చెయ్యి కదా?" అన్నాడు ఎలక్ట్రిషియన్. "వాళ్లే ఇలా కడతారు. ఉప్పునీళ్లు పోకుండా."

తప్పు అక్కడే ఉంది. ఓడ మీద వైరు కలిపిన చోట గాలి తగిలితే ఉప్పు పట్టి చస్తుంది. నలభై ఏళ్లు నాన్న నేర్చుకున్నదీ, నలుగురికి నేర్పిందీ అదే, గాలి చొరకుండా మూసెయ్ అని. ఈ సెన్సార్ సంగతి పూర్తిగా తిరగబడి ఉంది. పొగలోని గాలిని బయటి మంచి గాలితో పోల్చి చూసుకుంటేగాని అది లెక్క చెప్పలేదట. ఆ మంచి గాలి దానికి వచ్చేది వైరు లోపలి సందుల్లోంచే, కనెక్టర్ దగ్గర్నుంచే. "దీనికి ఊపిరి వైర్లోంచి, దీదీ. ఆయన ముక్కు మూసేశాడు" అన్నాడు. అంత శ్రద్ధగా, అంత ప్రేమగా.

కడిగి చూశాడు, లాభం లేదు. గ్రీజు లోపలికంటా పీల్చుకుపోయింది. కొత్త సెన్సార్ వేశాడు. ఫోనులో అంకె కిందకీ పైకీ చురుగ్గా ఆడటం మొదలుపెట్టింది. అది చూస్తే ప్రాణం లేచొచ్చింది.

"మళ్లీ అలాగే టేపు చుట్టగలరా దాదా? పైపైన, చూడటానికి?"

"అలా చుడితే మళ్లీ చస్తుంది" అన్నాడు. తరవాత కిందికి వంగి, "రెండోదానికీ అలాగే కట్టాడు. విప్పమంటారా? ఇంకా కోడ్ రాలేదు గానీ వస్తుంది."

వద్దన్నాను. రెండు చోట్లా టేపు మాయమైతే నాన్నకి తప్పకుండా తెలుస్తుంది, ఒకటైనా ఆయన కట్టినట్టే ఉంటే కంటికి ఆనదని నా లెక్క. ఆ తెలివి చూసుకుని ఆ పూట కాస్త మురిసిపోయాను కూడా.

ఆదివారం పొద్దున్న నాన్న నన్ను అడక్కుండానే బానెట్ ఎత్తాడు. కొత్త గొట్టాలు వేడెక్కి చల్లారాక బోల్టులు ఇంకోసారి బిగించాలట. అది నాకు తెలియదు. నేను బయటికి పరిగెత్తేసరికి ఆయన స్పానరు చేత్తో పట్టుకుని, మెరుస్తున్న కొత్త సెన్సార్ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. టేపు లేని కనెక్టర్‌ని బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"కొత్తదేసినారు" అన్నాడు.

"అది పాతది కదా నాన్నా, దానికదే పోనాది. నీ పనిలో తప్పేటీ లేదు."

"అలాగా."

బానెట్ మెల్లగా దించి, చప్పుడు కాకుండా నొక్కి, లోపలికి వెళ్లిపోయాడు. బోల్టులు బిగించలేదు. అరిచి ఉంటే బాగుండునని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి నన్ను సైగ చేసి పిలిచింది. "మీ నాన్న సామాన్లన్నీ మూట కట్టీస్తన్నాడే. ఎవులికో ఇచ్చీస్తాడంట. ఏటయినాది?"

వెనక వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. స్పానర్లు వరసగా పేర్చి, ఒక్కొక్కదానికీ గ్రీజు రాసి, పాత లుంగీ గుడ్డలో చుడుతున్నాడు. ఎడమ చేత్తో. కుడిచెయ్యి ఒళ్లో ఉంది.

"ఎందుకు నాన్నా ఇప్పుడు?"

తలెత్తలేదు. "డాక్‌ల మా గేంగుల ఒక ముసలోడుండీవోడు" అన్నాడు. "సెయ్యి తిరిగినోడు. ఒకరోజు వాల్వుకి మర అడ్డంగా ఎక్కించీసినాడు. అలాటి తప్పు నానో ఇంకోడో సేస్తే, గేంగు పెద్ద, టిండాలు, అమ్మా ఆలీ అన్లేకుండ తిట్టీవోడు. గేంగంతా తిట్టీది. తిట్టి, మళ్లీ సేయించీవోలు. ఆ రోజు ఆ ముసలోణ్ణి ఎవులూ తిట్లేదు. ఇంకోడొచ్చి ఆ మర సద్దీసినాడు, సప్పుడు లేకుండ. టిండాలు టీ తెచ్చిచ్చి, తవరు కూసోండి బాబూ అన్నాడు. ఆడు టీ తాగినాడు, స్పానర్లు బల్ల మీదెట్టినాడు, ఎలిపోనాడు. మరి రాలేదు." ఒక స్పానరు గుడ్డలో చుట్టి ముడేశాడు. "డాక్‌ల అంతే. తిట్టడం మానీసినారంటే ఆడి పని అయిపోనాదన్నమాట."

నెల రోజులుగా ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. దొంగలా గొట్టం తుడిచి, దీపం చెరిపి, అబద్ధాలాడి, నేను చేసిందల్లా ఆయనకి టీ అందించి కూర్చోండి బాబూ అనడమే.

అప్పటికప్పుడు దిద్దుకోవాలని నోరు తెరిచాను. "అయితే తిడతాను, విను. గ్రీజెందుకు రాసినావు? దానికి గాలాడాలని తెల్దా నీకు? సెన్సార్ చంపీసినావు" అని గొంతు పెంచాను. నా చెవులకే ఆ గొంతు ఉప్పు లేని పప్పులా ఉంది. నాన్న ఆఖరిదాకా విన్నాడు.

"పేషెంట్లకి సెప్పినట్టు సెప్తన్నావు" అన్నాడు. మూట అమ్మ చేత అటక మీద పెట్టించాడు, ఇవ్వాల్సిన మనిషి దొరికేదాకా.

తరవాత పది రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఆయన అలగలేదు, కోపగించుకోలేదు. అలిగినా బాగుండును. మర్యాదగా ఉన్నాడు. పొద్దున్న నేను బయల్దేరుతుంటే "ఎల్లిరా అమ్మా" అనేవాడు. బండి ఎలా ఉందని అడగలేదు. చొక్కా గుండీలు అమ్మ చేత పెట్టించుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని అన్నం తినడం మొదలుపెట్టాడు. నేను చేసే పనే ఇది కాబట్టి, వాడని చెయ్యి ఏమవుతుందో నాకు అందరికంటే బాగా తెలుసు. ముందు మణికట్టు వంగుతుంది. తరవాత వేళ్లు అరచేతిలోకి ముడుచుకుంటాయి. ముడుచుకున్నాక వాటిని తెరవడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. భోజనాల దగ్గర నేను ఆయన మొహం చూడటం మానేసి ఆ వేళ్లే చూసేదాన్ని. నిన్నటికంటే కొంచెం ముడుచుకున్నాయా, నా భ్రమా? వేరేవాళ్ల ఇళ్లలో పేషెంటు చేతులు పట్టుకుని వంచుతూ మధ్యలో లెక్క తప్పేదాన్ని.

పదకొండో రోజు వాన. పొద్దున్నుంచి ఒకటే ధార. వీధులన్నీ మోకాలి లోతు నీళ్లు. రెండు ఇళ్లు వెళ్లలేకపోయాను, మూడో ఇంట్లో ఆవిడ లేటయిందని సణిగింది, మెషీను తడిసింది, నా చెప్పు తెగింది. సాయంత్రం అయిదింటికి ఖిదిర్‌పూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా దీపం వెలిగింది. స్కానరు చూశాను. పి సున్నా నూట ముప్పై ఏడు. రెండో సెన్సార్, కరెంటు తక్కువ.

ఆ క్షణంలో నాకు జాలి రాలేదు. భయం కూడా రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. నా మీద, ఆ ఎలక్ట్రిషియన్ మీద, ఆ వాన మీద, అన్నిటికంటే ఆ టేపు మీద. ఈసారి దీపం చెరపలేదు. సందు మొదట్లో ఆగలేదు. ఇంటి ముందుకొచ్చి, తెగిన చెప్పు అక్కడే విడిచి, వానలో బానెట్ ఎత్తాను. ఇంజిన్ వెనకాల మూల రెండో కనెక్టర్ ఉంది, బాలింత తలకి గుడ్డ కట్టినట్టు బిగించి. గోళ్లతో పీకాను. రాలేదు. వేడి గొట్టం చేతికి తగిలి చురుక్కుమంది, గోరు విరిగింది. ఇక ఆగలేదు నోరు.

"నాన్నా! ఎక్కడున్నావు, బయటికి రా! రెండోదీ చంపీసినావు! ఇదేటి కట్టు, ఇదేటి ఇనప ముడి, ఓడనుకున్నావా, సముద్రంలో తోల్తాననుకున్నావా దీన్ని? పది పొరలా! చదువూ సంధ్యా లేనోడిలాగ గ్రీజు పులిమి పులిమి! అడగొద్దా? నాలుగు రోజులు పక్కన స్టూలు మీద కూసున్నాను కదా, నోరు తెరిచి ఒక మాట అడిగితే ముత్యాలు రాలిపోతాయా?"

సందులో కిటికీలు తెరుచుకున్నాయి. ఎదురింటి వరండాలో చీట్లపేక ఆగింది. పరువు పోతోందని తెలుస్తూనే ఉంది, ఆపలేకపోయాను. చాలాకాలానికి నా గొంతు నాకే వినిపించింది.

నాన్న గుమ్మంలోకి వచ్చాడు. బనీను, లుంగీ. వాన వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఆ కొత్తదేసినోడు రెండూ ఇప్పలేదేటి?" అన్నాడు.

"ఇప్పుతానన్నాడు. నానే వద్దన్నాను!"

"ఎందుకూ?"

"నీకు తెలిసిపోతాదని!"

ఆయన మొహం ఎర్రబడింది. "ఎర్రి గుంటా!" అని ఒక్క అరుపు అరిచాడు. "బుద్దుందా నీకు? తప్పని తెలిసి, ఆడు సెప్పినా కూడా వొగ్గీసి, ఇన్ని రోజులు బండి తోల్తావా? దార్ల ఆగిపోతే? ఆ నీళ్లల్ల నిలబడి ఎవుణ్ణి పిలుస్తావు? డాక్‌ల ఇలాటి పని సేస్తే నిన్ను గేటు బయటికి తోసీవోలు! మూటదించి స్పానర్లట్రా! వొద్దు, నువ్వు ముట్టుకోకు, మీ అమ్మ తెస్తాది. బేగి!"

జబ్బుపడ్డాక నాన్న నన్ను తిట్టడం అదే మొదటిసారి. తొమ్మిది నెలలుగా నేను ఆయన్ని తిట్టలేదని తెలుసు గానీ, ఆయనా నన్ను తిట్టలేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆయన దృష్టిలో నేనూ పని అయిపోయినదాన్నే అయ్యానా? కూతుర్ని కాకుండా డాక్టరమ్మని అయ్యానా? వానలో ఎవరికీ కనపడదు కాబట్టి ఏడ్చేశాను. ఏడుస్తూనే, "అరవకు, బీపీ పెరుగుతాది" అని అరిచాను.

ఆయన మెట్లు దిగి వచ్చి నన్ను మోచేత్తో పక్కకి నెట్టాడు. అమ్మ తెచ్చిన మూటలోంచి చిన్న చాకు తీశాడు. ఎడమ చేత్తో తీసి, ఒక్క క్షణం ఆగి, కుడిచేతిలోకి మార్చుకున్నాడు. ఆ వేళ్లు పిడి చుట్టూ మూసుకోవడానికి చాలాసేపు పట్టింది. వేడి గొట్టానికీ వైరుకీ మధ్య మొన అటూ ఇటూ ఊగింది. ఆ చాకు జారితే వైరు తెగొచ్చు, వేలు తెగొచ్చు, తెగినా ఆ వేలికి తెలియదు. లాక్కోవాలని చెయ్యి ముందుకి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను.

"ఇందుల గాలెలాగ ఎల్తాదే?" అన్నాడు తల ఎత్తకుండా.

"వైర్లోంచి. ఆ సందుల్లోంచి."

"మరి ముందే సెప్పొద్దా, ముండా."

మొదటి పొర తెగింది. కింద నూలు టేపు. దాని కింద ఇంకా గ్రీజు. ఆ సెన్సార్ బతుకుతుందో చచ్చిందో ఇద్దరికీ తెలియదు. అమ్మ గుమ్మంలోంచి గొడుగు విసిరింది. నేను దాన్ని విప్పి నాన్న తల మీద పట్టుకుని, ఆయన వేళ్లనే చూస్తూ, భయపడుతూ, తిడుతూనే ఉన్నాను.